అట్ట లేని రికార్డు

ఇల్కాకు పదిహేడో ఏట కయానీ ఊరి పాత సామాన్ల సంతలో ఆ రికార్డు దొరికింది. అట్ట లేదు. మధ్య కాగితం మీద 'కల్వాస్' అని బృందం పేరు తప్ప మరో ముక్క లేదు. ఇంటికి తెచ్చి ప్లేయరు మీద పెట్టాడు. నేల కిందనుంచి వస్తున్నట్టు గిటార్లు, వాటి మీద బండలు దొర్లించే మగగొంతు. ఆ సాయంత్రంతో అతని బతుకు ఖరారైపోయింది.

ముప్ఫై అయిదేళ్ళుగా పగలు బస్సులు బాగుచేస్తున్నాడు, సాయంత్రాలు పాత పాల డిపో నేలమాళిగలో తన బృందంతో మెటల్ సంగీతం వాయిస్తున్నాడు. ఆ రికార్డు మోతతో కలిసేదాకా గిటారు తీగలు వదులు చేశాడు. ఆ గొంతు కోసం అరిచి అరిచి దేవుడిచ్చిన గొంతును తగలేసుకున్నాడు. ఇప్పుడు కన్నతల్లే ఫోనులో "ఎవరు బాబూ?" అంటుంది.

ఈ శనివారం ఊరి పండగలో వాళ్ళ బృందం వాయించాలి. 'కల్వాస్‌లో పాడినాయన ఎక్కడున్నా రావాలి, ఆ రికార్డు పాట మాతో పాడాలి' అని ఇల్కా పత్రికలో ప్రకటన వేశాడు. జవాబు వచ్చింది: 'పాడింది నేనే. గురువారం వస్తా. హ్యూవొనెన్.' ఆనందం పట్టలేక ఇల్కా ఏలకుల బన్నులు డజను కొన్నాడు.

గురువారం నేలమాళిగ తలుపు తీసుకుని అరవై దాటిన పొట్టి మనిషి, సైకిలు హెల్మెటుతో లోపలికొచ్చింది.

"హ్యూవొనెన్ గారు రాలేదాండీ?" ఇల్కా ఆమె వెనక్కి తొంగిచూశాడు.

"ఎదురుగా ఉంటే రాలేదంటావేం? మెర్వి హ్యూవొనెన్‌ని. కాఫీ ఉందా?"

ఎవరో ఆట పట్టిస్తున్నారనుకున్నాడు ఇల్కా. అయినా మర్యాదకి కూర్చోబెట్టి, డ్రమ్ముల ఓస్మోకి సైగ చేసి, పాట మొదలెట్టాడు. మెర్వి సంచీ ఒళ్ళో పెట్టుకుని, బన్ను తింటూ చివరిదాకా వింది.

"బాగుంది. మరి నా పాటెప్పుడు వాయిస్తారు?"

"ఇదేనండీ మీ పాట!"

"చాల్లే. మాది పరిగెత్తే పాట." ఆమె కాలితో తాళం వేస్తూ రెండు చరణాలు సన్నగా, గబగబా పాడేసింది. మాటలు అవే, అక్షరం పొల్లుపోలేదు.

ఇల్కాకు తల తిరిగింది. ఓస్మో మాత్రం లేచి, రికార్డు పెట్టి, వేగం మీటను నిమిషానికి ముప్ఫైమూడు చుట్ల నుంచి నలభై అయిదుకి జరిపాడు. రికార్డులోంచి పద్దెనిమిదేళ్ళ పిల్ల ఒకతి గది అదిరేలా కేకపెట్టింది. ఓస్మో కళ్ళనీళ్ళు వచ్చేలా నవ్వాడు.

"పెద్ద రికార్డు కదాని ముప్ఫైమూడులో పెట్టావా? ముప్ఫై అయిదేళ్ళా! ఒరేయ్ ఇల్కా!"

ఇల్కాకు నవ్వు రాలేదు. సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. లేని మగాడి కోసం ఉన్న గొంతు పోగొట్టుకున్నాడు. "శనివారం ఈ పాట తీసేద్దాం," అన్నాడు.

"తొందరెందుకు? నువ్వెలా విన్నావో అలా పెట్టు," అంది మెర్వి.

పెట్టాడు. మెర్వి నవ్వబోయి ఆగిపోయింది. బన్ను పక్కన పెట్టేసింది. పాట అయిపోయినా సూది అలా గీసుకుంటూనే ఉంది.

"ఇది మా నాన్న," అంది.

"మీ నాన్నా పాడేవారా?"

"ఆయనా? చర్చిలో కూడా ఊరికే పెదాలు ఆడించేవాడు. రంపపు మిల్లులో పని. నాకు పదహారేళ్ళప్పుడు పోయాడు. ఆయన గొంతు ఎక్కడా మిగల్లేదు. అచ్చం ఇదే... ఇదెలా?"

ఇల్కాకు అంతకన్నా తెలియదు. ఇన్నేళ్ళూ తను వెతికింది ఈమెనా, పాటే పాడని ఆ మిల్లు మనిషినా? లేచి రికార్డు ఆపాడు.

"శనివారం నేను పాడను," అంది మెర్వి. "నువ్వే పాడు, ఇలాగే. ఆ గొంతు నీకు బాగా పట్టుబడిందా?"

"నాకొచ్చిందదొక్కటేనండీ."

మెర్వి ఒళ్ళోని సంచీ కింద పెట్టింది. "అయితే ఆ గొంతుతో నన్నొకసారి పిలువు. పేరుపెట్టి."

ఓస్మో డ్రమ్ము పుల్లలు కింద పెట్టేశాడు. ఇల్కా రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు.

"మెర్వీ!"

"వస్తున్నా నాన్నా," అంది ఆమె.