మేజోళ్ళ పిల్లి

"ఇసుకలో కాపురముంటూ ఇసుక ఊడ్చే మనిషిని నిన్నే చూశాను" అన్నారు మా ఆయన, పన్నెండేళ్ళ కిందట. అప్పుడు నవ్వాను. కొత్త కాపురం, ఆయన ఏమన్నా నవ్వొచ్చేది. తర్వాత ఇంటికొచ్చిన ప్రతి అతిథి ముందూ అదే మాట అన్నారు. నేను నవ్వడం ఏ అతిథి దగ్గర మానేశానో ఆయన గమనించలేదు.

నిజానికి ఊడవమన్నది వాళ్ళమ్మే. మేం ఈ క్వార్టర్స్‌కి వచ్చిన మొదటి నెలలోనే అత్తయ్య చెప్పులో పాము దూరింది. చిన్నదే, అచ్చం ఇసుక రంగు. కాలు పెట్టబోయి ఎందుకో ఆగారు కాబట్టి నాకింకా అత్తగారున్నారు. ఆ రోజునుంచీ ఇంట్లో ఒక చట్టం వచ్చింది. పొద్దు వాలేలోపు గేటు దగ్గర్నుంచి పెరటి కంచెదాకా వాకిలంతా ఊడ్చి, చెక్కతో చదును చెయ్యాలి. తెల్లారి ఎవరూ కాలు పెట్టకముందే జాడ చూడాలి. పాము వచ్చిందా, వస్తే బయటికి పోయిందా, మెట్ల కింద తిష్ట వేసిందా. చట్టం చేసింది అత్తయ్య, అమలు చేసేది నేను. అందరికంటే ముందు లేచేది కూడా నేనే కాబట్టి జాడ చూసే పని కూడా నా నెత్తినే పడింది. పొయ్యిమీద పాలు పెట్టి బయటికొచ్చి, అవి పొంగేలోపు వాకిలంతా చదివేసి లోపలికి పరిగెత్తేదాన్ని. పొంగిన రోజులూ ఉన్నాయి. ఆ రోజుల్లో అత్తయ్య నోటికి సెలవుండేది కాదు.

మా ఆయన ఎడారి జంతువుల సర్వే అధికారి. ఎనిమిది క్వార్టర్లు, ఒక ఆఫీసు, మూడు జీపులు, పడమటి వైపు కనుచూపు మేర ఇసుక దిబ్బలు, ఇదీ మా లోకం. నేను చదివిందీ జంతుశాస్త్రమే, ఆయన కాలేజీలోనే, ఆయన కంటే మంచి మార్కులతోనే. "ఇద్దరూ ఎడారులు పట్టుకు తిరిగితే ఇంట్లో అన్నం ఎవరు వండుతారే అమ్మాయ్" అన్నారు అత్తయ్య. అది ప్రశ్న కాదని నాకు తెలుసు. అయితే నన్ను పూర్తిగా పక్కన పెట్టారని అంటే అబద్ధమవుతుంది. ఆయన రిపోర్టులన్నీ నేనే టైపు చేసేదాన్ని. వంట అయ్యాక, పాపని బడికి పంపాక, ఆఫీసు మూలనున్న కంప్యూటర్ ముందు కూర్చుని, ఆయన కోడిగీతల రాతని మనుషులు చదివేలా మార్చేదాన్ని. లెక్కలు తప్పితే సరిచేసేదాన్ని, జంతువుల పేర్లు తప్పితే సరిచేసేదాన్ని. "నీ టైపింగ్‌లో తప్పులుండవు" అనేవారు. ఆయన నాకిచ్చిన పెద్ద బిరుదు అదే. మొదటి రిపోర్టు చివర ఆయన రాసిన వాక్యం కూడా నేనే టైపు చేశాను: "ఎప్పటికప్పుడు వేడి టీ అందించిన నా శ్రీమతికి కృతజ్ఞతలు."

వాకిట్లో పాముల జాడ ఏడాదికి మూడో నాలుగో కనబడేది. మిగతా రోజులన్నీ ఇతరులవి. తొండలు తోక ఈడ్చుకుంటూ పోయిన గీతలు, ఎడారి ఎలుకలు రెండు కాళ్ళమీద గెంతిన చుక్కలు, పెరటి మూలన పెట్టిన నీళ్ళ మూకుడు దగ్గరికి వచ్చి తాగి పోయే నక్క గోళ్ళు. చూసి ఊరుకోలేకపోయాను. చదువుకున్న బుద్ధి ఎక్కడికి పోతుంది. పాప పూర్తి చేసేసిన బడి నోటుపుస్తకాల్లో వెనక మిగిలిన ఖాళీ పేజీల్లో రాయడం మొదలుపెట్టాను. తేదీ, గాలి ఎలా ఉంది, ఎవరొచ్చారు, ఎటు పోయారు. ముందు వైపు పాప ఎక్కాలు, వెనక వైపు నా ఎడారి. పుస్తకాలన్నీ పప్పుల డబ్బాల వెనక పెట్టేదాన్ని. దాచిపెట్టాననుకునేరు, అక్కడికి మా ఆయన చెయ్యి ఎప్పుడూ రాదు, అంతే.

ఆ జాడల్లో ఒకటి మాత్రం నాకు కొరుకుడు పడలేదు. జానెడు పైచిలుకు దూరంలో ఒక్కో అడుగు, తిన్నగా ఒకే వరసలో. కానీ వేళ్ళుండవు, గోళ్ళుండవు, మసకగా గుండ్రంగా చిన్న గుంట. వాచ్‌మన్ పెంచే పిల్లి అడుగు నాకు బాగా తెలుసు, నాలుగు వేళ్ళూ అచ్చు గుద్దినట్టు పడతాయి. ఇది అది కాదు. పాపకి నాలుగేళ్ళప్పుడు ఓ చలి ఉదయం, వంటింట్లో పిండి డబ్బా కింద పడేసి, భయపడి మేజోళ్ళతోనే పిండి మీంచి హాల్లోకి పారిపోయింది. తుడవడానికి గుడ్డ పట్టుకుని వంగినదాన్ని అలాగే ఉండిపోయాను. నేలమీద పాప అడుగులున్నాయి, వేళ్ళు లేవు. మసకగా, గుండ్రంగా. అరికాలికి బొచ్చుంటే అడుగు ఇలాగే పడుతుంది. అరికాలంతా బొచ్చున్న పిల్లి ఎడారిలో ఒక్కటే ఉంది, ఇసుక పిల్లి. కాలేజీ పుస్తకంలో సగం పేజీ దాని గురించే. ఆ రోజు పాపని తిట్టలేదు, ఎత్తుకుని ముద్దుపెట్టుకున్నాను. అత్తయ్య నన్ను వింతగా చూశారు. ఆ జాడకి మేజోళ్ళావిడ అని పేరు పెట్టాను.

మా ఆయనకి చెప్పకుండా ఎలా ఉంటాను. అప్పటికి ఆయన ఇసుక పిల్లి కోసం పెట్టిన కెమెరాలు పదకొండు. అన్నీ నీటి తొట్ల దగ్గరే, ఎందుకంటే జీపు పోయేది తొట్లదాకానే. చెబితే చిన్నపిల్లకి చెప్పినట్టు చెప్పారు. "అది గాలి పని. గాలి కొడితే ఏ అడుగైనా మసకబడుతుంది. ఇసుక పిల్లి ఉంటే నీళ్ళకి రాకుండా పోతుందా?" రాదండీ, అన్నాను. మూకుడుకి రెండు మూరల దూరంలోంచి పోతుంది, ఒక్కసారి కూడా ఇటు తిరగలేదు. ఎలకని తింటే ఆ మాంసంలో తడే దానికి చాలు. గాలి లేని రోజుల్లో కూడా ఆ అడుగు మసకగానే ఉంది, పక్కనున్న నక్క అడుగు మాత్రం స్పష్టంగా ఉంది. ఆయన పేపరు మడిచి పక్కన పెట్టి, "వాకిలి ఊడ్చేవాళ్ళందరూ సర్వే చేస్తామంటే మాకు ఉద్యోగాలెందుకు" అన్నారు. కోపంగా కాదు, నవ్వుతూనే. ఆయన చెడ్డవాడైతే నా పని సులువయ్యేది. జ్వరమొస్తే మందిస్తారు, పాప చదువు చూస్తారు, నామీద ఏనాడూ చెయ్యెత్తలేదు. నేను మాట్లాడితే మాత్రం ఆయనకి వినబడదు, రేడియో మోగుతున్నట్టు ఉంటుంది.

మూడేళ్ళ సర్వే ముగిసింది. పడమటి దిబ్బల్ని బళ్ళ పందేలకి ఇవ్వాలని ఎవరో అడిగారట. ఇసుకమీద పరిగెత్తే పెద్ద చక్రాల బళ్ళు. అక్కడ కాపాడవలసిన జంతువేదీ లేకపోతే ఇచ్చేస్తారు. తేల్చడానికి కమిటీ వస్తోంది, ఆయన రిపోర్టే ఆధారం. పద్దెనిమిది పేజీలు నా ముందు పెట్టారు. చివరి పేజీలో "ఈ ప్రాంతంలో ఇసుక పిల్లి లేదు" అని ఉంది.

"కనబడలేదు అని కొట్టనా?" అన్నాను.

"రెండూ ఒకటే. లేదు అని కొట్టు."

కొట్టాను. అది నేనే కొట్టాను, నా వేళ్ళతో. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

మర్నాడు పాలు పొయ్యిమీద పెట్టి బయటికొస్తే, కంచె పక్కన మేజోళ్ళావిడ అడుగులున్నాయి. వాటి చుట్టూ అటూ ఇటూ తడబడుతూ, నా బొటనవేలి గోరంత మసక గుంటలు. రెండు వరసలు. పిల్లలు. కంచెమీంచి చూశాను, వరస తిన్నగా పడమటి దిబ్బల్లోకి పోయింది. పెద్ద చక్రాల బళ్ళు ఎక్కడ తిరగబోతున్నాయో అక్కడికి. నాకు ఏడుపొచ్చింది, ఏడుపుకన్నా ఎక్కువ కోపమొచ్చింది. ఆయనమీద కాదు, పప్పుల డబ్బాల వెనక ఇన్నేళ్ళు నోరు మూసుకుని కూర్చున్న నామీద. పాలు పొంగి పొయ్యి ఆరిపోయింది. "ఏమే, ఒళ్ళు తెలుస్తోందా" అని అత్తయ్య కేకేశారు. తెలుస్తోంది అత్తయ్యా అన్నాను. అప్పుడే తెలిసింది మరి.

ఆ పగలంతా కూర్చుని నోటుపుస్తకాలన్నీ దించి ఒక్క పేజీలోకి కుదించాను. ఎన్ని ఉదయాలు చూశాను, ఎన్నిసార్లు మసక అడుగు, అందులో గాలి లేని రోజులెన్ని, నీళ్ళ మూకుడు దగ్గరికి ఎన్నిసార్లు వచ్చింది. ఆఖరి గడిలో సున్నా. కింద నా పేరు రాసి సంతకం పెట్టాను. సంతకం చేసి ఎన్నేళ్ళయిందో, రెండుసార్లు చిత్తుకాగితంమీద దిద్దుకోవలసి వచ్చింది. ఆ పేజీని ప్రతి కాపీకీ చివర కుట్టేశాను. ఆయన పేజీల్లో ఒక్క అక్షరం కూడా మార్చలేదు.

కమిటీలో ముగ్గురు. పెద్దాయన తెల్ల మీసాల మనిషి, మాట తక్కువ. నన్ను పిలిచింది టీలు ఇవ్వడానికి. మా ఆయన గంటసేపు చెప్పారు, బాగానే చెప్పారు. పెద్దాయన కళ్ళజోడు తీసి, "అయితే అభ్యంతరం లేదన్నమాట" అన్నారు. ఆయన చేతికి కప్పు అందిస్తూ నేను, "పందొమ్మిదో పేజీ ఇంకా ఎవరూ తిప్పలేదండీ" అన్నాను.

మా ఆయన నావైపు తిరిగారు. "రిపోర్టు పద్దెనిమిది పేజీలే."

"పందొమ్మిది. టైపు చేసింది నేను కదా."

పేజీలు తిరిగిన చప్పుడు. ట్రే బల్లమీద పెట్టేశాను. ఖాళీ చేతులతో నిలబడితే ధైర్యం వచ్చింది. పెద్దాయన ఆ పేజీ రెండుసార్లు చదివి, "ఇవి ఎవరు తీసిన లెక్కలు?" అన్నారు. "నావి" అన్నాను. "పద్ధతి ఏమిటి?" "పొద్దు వాలేముందు ఊడుస్తాను. తెల్లారి చదువుతాను." కమిటీలో ఒకాయన ముసిముసిగా నవ్వాడు. పెద్దాయన నవ్వలేదు. "కూర్చోండమ్మా" అన్నారు. ఆ బల్ల దగ్గర పన్నెండేళ్ళుగా టీ ఇచ్చాను, కూర్చోవడం అదే మొదలు. మేజోళ్ళ సంగతి, మూకుడు సంగతి, పిల్లల సంగతి అన్నీ చెప్పాను. నోటుపుస్తకాలు తెప్పించి చూశారు. పాప ఎక్కాలు కూడా చూశారు. "పది రోజులు గడువిస్తాను, కెమెరాలు ఎక్కడ పెట్టమంటే అక్కడ పెడతారు" అని మా ఆయనతో అన్నారు. ఎక్కడ పెట్టాలో చెప్పవలసింది నేను.

జీపు పోని చోట పెట్టించాను. తొట్లకి దూరంగా, దిబ్బల మొదట్లో, ఎలకల కన్నాలున్న చోట. కెమెరాల మధ్య ఇసుక ఊడ్చి పట్టీలు చెయ్యాలన్నాను. అన్ని చీపుళ్ళు ఒక్కసారి ఆఫీసు మెట్లెక్కడం అదే మొదటిసారి. బూట్లు వేసుకున్న ఆఫీసర్లు నిలువునా నిలబడి ఊడుస్తుంటే అత్తయ్య చూడలేకపోయారు. కొంగు బిగించి దిబ్బలదాకా నడిచొచ్చి, "నడుం వంచండి నాయనా, ఇసుక మీ దగ్గరికి రాదు" అన్నారు. వాళ్ళ చేత మూడుసార్లు ఊడ్పించారు. చివరికి నా దగ్గరికొచ్చి, గొంతు తగ్గించి, "ఆ మసక అడుగులు నేనూ చూశానే. పిచ్చిదాన్నంటావని చెప్పలేదు" అన్నారు. మేమిద్దరం ఒకే వాకిట్లో పన్నెండేళ్ళు ఒకరికి తెలియకుండా ఒకరం చదువుకున్నామన్నమాట.

ఏడోరోజు పొద్దున్నే పట్టీలు చదువుతూ ముందు నేను, వెనక మా ఆయన. మూడో పట్టీ మీద మసక అడుగులు, పక్కన చిన్నవి. వాటి వెంట దిబ్బ అంచుదాకా వెళ్ళి, బోర్లా పడుకుని చూశాం. పొద కింద కన్నం ముందు, అప్పుడే వచ్చిన ఎండలో మేజోళ్ళావిడ కూర్చుని ఉంది. వెడల్పు ముఖం, పెద్ద పెద్ద చెవులు, అంతా ఇసుక రంగే. రెండు పిల్లలు దాని తోకతో ఆడుకుంటున్నాయి. పన్నెండేళ్ళుగా అడుగులు తెలిసిన మనిషిని మొదటిసారి ముఖాముఖి చూసినట్టనిపించింది. అసలు ఆ మొదటి అడుగులు ఈవిడ అమ్మమ్మవో, ఇంకా వెనకటివో. నాకు సంతోషం కంటే ముందు గర్వం వచ్చింది. దాన్ని అణుచుకోవాలని కూడా అనిపించలేదు. మా ఆయన, "నువ్వు చెప్పావు" అన్నారు. "చెప్పాను" అన్నాను.

కెమెరాల్లో పద్నాలుగు ఫొటోలు దొరికాయి. పడమటి దిబ్బల్లోకి బళ్ళు రాకూడదని కమిటీ రాసింది. ఇలాంటి దిబ్బలు ఎక్కడెక్కడున్నాయో అన్నిచోట్లా జాడల సర్వే జరగాలనీ, దాన్ని నేను నడపాలనీ కూడా రాసింది. ఆ ఉత్తరం అత్తయ్య ఎనిమిది క్వార్టర్లూ తిరిగి చదివించుకొచ్చారు.

కొత్త రిపోర్టు రాయవలసి వచ్చింది. "నా పేరు కింద నీ పేరు కూడా వేద్దాం" అన్నారు మా ఆయన, పెద్ద మనసు చేసుకుని. ఆయన వైపు చూసి, కంప్యూటర్ ముందు కూర్చుని, నా పేరు ఒక్కటే కొట్టాను. రిపోర్టు మొత్తం రెండు వారాల్లో నేనే రాశాను. ఆఖరి వాక్యం దగ్గర ఒక్క క్షణం ఆగి, అది కూడా టైపు చేశాను: "ఎప్పటికప్పుడు వేడి టీ అందించిన నా భర్తకు కృతజ్ఞతలు."

ఆయన్ని పిలిచి చూపించాను. చదివారు. ఎర్రబడ్డారు. నవ్వాలో వద్దో తేల్చుకోలేకపోయారు.

"నా రిపోర్టులో అబద్ధం ఉండటం నాకిష్టం లేదు. మరి ఆ వాక్యం నిజం చెయ్యండి" అన్నాను.

ఆయన లేచి వంటింట్లోకి వెళ్ళారు. డబ్బాల మూతలు తీస్తున్న చప్పుళ్ళు వినబడ్డాయి. కాసేపటికి, "టీ పొడి ఇక్కడ లేదే" అని కేకేశారు.

"ఉంది, వెతకండి" అన్నాను తల తిప్పకుండా. "మీకు కనబడనంత మాత్రాన లేదని రాసెయ్యకండి."