పొడి నేలలో మేకు

పెరటి గోడ మీదికి ఇంకా ఎండ రాకముందే నేను మోకాళ్ళ మీద కూర్చుని మేకు దిగగొడుతున్నాను. వంటింటి గుమ్మంలోకి మణెమ్మ వదిన వచ్చి నిలబడింది.

"ఏందయ్యా మాస్టారూ, పొద్దున్నే ఆ మోత? మొన్న కొట్టావు, నిన్న కొట్టావు. పెరడంతా జల్లెడ చేశావు గదా. బోరు పడుద్దనా?"

"చూస్తున్నా వదినా."

"చూసింది చాల్లే. కాస్త నీళ్ళు పోసి కొట్టు. చెయ్యి పోద్ది."

"ఇవాళ నీళ్ళు పొయ్యను."

ఆమె కాఫీ గ్లాసు గట్టు మీద పెట్టి లోపలికి వెళ్ళిపోయింది.

మణెమ్మ వదిన నా భార్య హెప్సిబాకు అక్క. ఆగస్టులో హెప్సిబా జ్వరంతో ఆసుపత్రిలో పోయినప్పుడు ముప్పాళ్ళ నుంచి వచ్చింది. వచ్చిన చుట్టాలందరూ వెళ్ళిపోయినా తను వెళ్ళలేదు. నేను ఉండమననూ లేదు, వెళ్ళమననూ లేదు.

హెప్సిబా మా హైస్కూల్లోనే వ్యాయామం టీచరు. నేను భౌతికశాస్త్రం చెబుతాను. ఏటా జనవరిలో తను గైడ్స్ ఆడపిల్లలను బొల్లాపల్లి దగ్గర కొండ కిందికి తీసుకెళ్ళి రెండు రాత్రులు టెంట్లలో ఉంచేది. వాళ్ళలో చాలామందికి ఇల్లు వదిలి పడుకోవడం అదే మొదలు. క్రితం జనవరిలో గాలి లేచి ఒక టెంటు మేకులు ఊడిపోయాయి. గుడ్డంతా పిల్లల మీద పడింది. ఎవరికీ దెబ్బ తగల్లేదు. అయినా హెడ్మాస్టరు హనుమంతరావు గారు ఇకమీదట టెంట్లు వద్దన్నారు. హెప్సిబా ఆయన ముందు ఏమీ అనలేదు. బయటికి వచ్చి పిల్లలతో మాత్రం, "మేకులు మంచివి కావు, అంతే. వచ్చే ఏడు నేనే ఏరి తెస్తా. అప్పుడు ఎవరాపుతారో చూద్దాం" అంది.

డిసెంబరులో ఒకనాడు తొమ్మిదో తరగతి అబిదా స్టాఫ్ రూము గుమ్మం దగ్గరికి వచ్చింది. లోపలికి రాలేదు.

"సార్, మేడమ్ మేకులు కొన్నారా సార్?"

పోయేలోగా కొనిపెట్టిందా అని ఆ పిల్ల అడుగుతోంది. "నేను తెస్తున్నానమ్మా" అన్నాను. అన్నాక వెనక్కి తీసుకోవడం కుదరలేదు.

హనుమంతరావు గారు మొహమాటం లేని మనిషి. నేను చెప్పిందంతా విని కళ్ళద్దాలు తీసి బల్ల మీద పెట్టారు.

"చూడు మాస్టారూ. నీ పరిస్థితిలో నిన్ను కాదనలేను. ఆడపిల్లల సంగతి గనక అవుననీ అనలేను. ఎట్టాగంటే, జనవరి రెండో శనివారం ఆ కొండ కింది చేలోనే ఒక టెంటు వేసి చూపించు. నేనే వస్తా. పొద్దున వేస్తే సాయంత్రం దాకా నిలవాల. ఒక్క మేకు ఊడిందా, బడి వరండాలో దుప్పట్లు పరుచుకోమందాం. సమ్మతమేనా?"

"సమ్మతమే."

లెక్కలు చెప్పే సుకన్య గారు పక్క కుర్చీలోంచే అందుకున్నారు. "పిల్లల వెంట నేనొస్తా. పాములొస్తే మాత్రం మీ ఇద్దరూ చూసుకోవాలి."

ఆ రోజు నుంచి నాకు మేకుల గొడవ పట్టుకుంది. నిజానికి కూర్చోలేకపోవడం ఆగస్టు నుంచీ ఉంది. కూర్చుంటే చేతులు బిగించడానికి ఏదో ఒకటి వెతుక్కుంటాయి. కుళాయి బిగించాను, తలుపు బందులు బిగించాను, ఊగని కుర్చీ కాళ్ళకు కూడా కొత్త మేకులు కొట్టాను. ఇప్పుడు ఆ చేతులకు ఒక పని దొరికింది.

టెంట్లతో పాటు వచ్చిన పాత మేకులు సైకిలు చక్రం పుల్లలకంటే కాస్త లావు. చేత్తో వంచితే వంగాయి. నరసరావుపేటలో ఆటసామాన్ల కొట్టుకు వెళితే పసుపురంగు ప్లాస్టిక్‌వి చూపించారు. ఇసుకలో పనికొస్తాయేమో, మా నేలకు మరీ మెత్తన అనిపించాయి. ఫోన్లో చూసి అల్యూమినియంవి తెప్పించాను. మూడు రెక్కలతో చక్కగా ఉన్నాయి, అరచేతిలో పెట్టుకుంటే బరువే తెలియదు. ఆఖరికి ఇనపసామాన్ల కొట్లో ఉక్కువి దొరికాయి. జానెడున్నర పొడవు, చిటికెనవేలి లావు, తాడు జారకుండా పైన కొక్కెంలా వంచి ఉన్నాయి. మోయడానికి బరువే.

ప్రతిదాన్నీ పెరట్లో కొట్టి చూశాను. కొట్టే ముందు చెంబెడు నీళ్ళు పోశాను. మా వైపు నేలలో ఏది పాతాలన్నా ముందు నీళ్ళు పోస్తారు. గేదెను కట్టే గూటమైనా, పెళ్ళిపందిరి రాటైనా, కంచెకు నాపరాయైనా అంతే. ఎండిన నల్లరేగడి గునపాన్ని వెనక్కి తంతుంది. నీళ్ళు పోసి, ఇంకేదాకా ఆగి కొడితే మెత్తగా దిగుతుంది. ఇది ఎవరూ నేర్పరు, అందరికీ వచ్చు. నా మేకులూ అలాగే హాయిగా దిగాయి. సాయంత్రం తాడు కట్టి లాగితే అలాగే హాయిగా బయటికి వచ్చాయి. ప్లాస్టిక్‌ది ఊడితే ప్లాస్టిక్‌ని, అల్యూమినియంది ఊడితే అల్యూమినియాన్ని తప్పుబట్టాను. ఉక్కుదీ ఊడేసరికి తప్పుబట్టడానికి ఇంకేమీ మిగల్లేదు.

బడి నుంచి వచ్చేటప్పుడు రోజూ సమాధుల తోట దగ్గర ఆటో ఆపిస్తాను. హెప్సిబాను వానల్లో పూడ్చాం. చెక్క సిలువ తడిమట్టిలో ఒక్క తోపుకు దిగింది. నేల ఎండేకొద్దీ అది ఎడమవైపుకు ఒరగసాగింది. నేను దాన్ని నిటారుగా నిలబెట్టి, బోరింగు దగ్గర బకెట్టు నీళ్ళు పట్టుకొచ్చి మొదట్లో పోసి, చెప్పుకాలితో తొక్కి వస్తాను. మర్నాటికి మళ్ళీ ఒరుగుతుంది.

నా చెప్పులకు మట్టి చూసి వదినకు తెలిసిపోయేది.

"దాని మానాన దాన్ని వదిలెయ్యవయ్యా. ఏడాది తిరగాల, మన్ను దిగాల. అప్పుడు సిమెంటుతో కట్టిచ్చుకుందాం. మా అమ్మకీ అట్టనే చేశాం. అందాకా ఎటన్నా ఒరగనీ."

"చూసేవాళ్ళు ఏమనుకుంటారు వదినా?"

"ఎవరు చూస్తారు? చూసేది నువ్వొక్కడివే."

గురువారం సాయంత్రం బకెట్టు నింపుకుని వచ్చి వంగి చూశాను. సిలువ మొదలు చుట్టూ మట్టి చెక్కను వదిలి వెనక్కి జరిగింది. ఆ సందులో నా వేలు పట్టింది. రెండు సమాధుల అవతల ఎవరో గొర్రెను కట్టి మేపడానికి సన్నటి ఇనప చువ్వ కొట్టి ఉన్నారు. గొర్రె లేదు, చువ్వ ఉంది. దాని చుట్టూ నేల తడి ఎరగదు. పట్టుకుని లాగాను. రెండు చేతులతో లాగాను. కదల్లేదు.

నల్లరేగడి తడిస్తే ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి పగుళ్ళిస్తుంది. ఈ వాక్యం ఎన్ని తరగతులకు చెప్పానో. బల్ల మీద మట్టిముద్ద పెట్టి చూపించాను కూడా. తడిగా ఉన్నప్పుడు అది మేకును పట్టుకోలేదు, ఎండాక వదిలేస్తుంది. చెంబు పట్టుకున్న చేతికి ఆ పాఠం ఎప్పుడూ గుర్తు రాలేదు.

బకెట్టు అప్పటికే నిండి ఉంది. సిలువను నిలబెట్టి నీళ్ళు పోసే వచ్చాను.

మర్నాడు పొద్దున కొట్టినవే వదిన విన్న దెబ్బలు. పొడి నేల మీద అల్యూమినియం మేకు రెక్క ముడుచుకుంది. ఉక్కు మేకును తల టెంటు ఉండాల్సిన వైపుకు ఎడంగా వాలేట్టు ఏటవాలుగా పెట్టి కొట్టాను. ప్రతి దెబ్బకూ మోచేతి దాకా జిల్లుమంది. గోరంత గోరంత చొప్పున దిగింది. సాయంత్రం తాడు కట్టి లాగితే అరచేతులు ఎర్రబడ్డాయి. మేకు ఉన్నచోటే ఉంది.

శనివారం పొద్దున్నే కొండ కింది చేలోకి చేరాం. కంది కోసి ఎక్కువ రోజులు కాలేదు. గుడ్డ చిరక్కుండా అబిదా, తన జట్టు పిల్లలు కంది కొయ్యలు పీకి చోటు చదును చేశారు. హనుమంతరావు గారు మోటారు సైకిలు మీద, తలకు తువ్వాలు చుట్టుకుని వచ్చారు. అబిదా మేకు పెట్టబోయేచోట సీసా వంచింది.

"నీళ్ళొద్దమ్మా" అన్నాను.

"నీళ్ళు పొయ్యకుండానా?" హనుమంతరావు గారు నవ్వారు. "సైన్సు మాస్టారు ఏందో కనిపెట్టినట్టుండాడే. మా తాత పోశాడు, మా నాన్న పోశాడు. మేం కట్టిన ఎడ్లు ఎన్నడన్నా గూటం పీక్కోని పోయినయ్యా?"

"పొడిగానే పట్టు బాగుంటుందండీ. చూశాను."

"సుత్తి ఇట్టా తే. ఆ కొండ వైపు మూల నాది."

ఆయన తన సీసా అంతా పోసి, తువ్వాలుతో విసురుకుంటూ ఇంకనిచ్చి కొట్టారు. మేకు మూడో దెబ్బకే తల దాకా దిగింది. మేం మిగతావి కొడుతుంటే నీడన కూర్చుని చూశారు. పిల్లలు వంతులేసుకుని కొట్టారు. ఒక్కొక్కరూ చెయ్యి విదిలించుకుని సుత్తి ఇంకొకరికి ఇచ్చారు.

"ఏమే అబిదా, ఆ వేగాన కొడితే క్యాంపుకి ఎండాకాలం వచ్చుద్దే" అని అరిచారాయన.

నేను ఆయన దగ్గరికి వెళ్ళాను. "ఆ మూలది ఒకసారి తీసి పక్కన కొడదామండీ."

"అంటే, నాది ఊడుద్దంటావు?"

ఆయన ముఖం చూసి మాట మార్చాను. ఒక్క మేకు ఊడితే క్యాంపు లేదన్నది ఆయనే. ఆ ఒక్కటి ఆయన చేతిదే అయితే ఏమవుతుందో ఆ రోజు గదిలో మేం మాట్లాడుకోలేదు.

ఇక నాకు కాలు నిలవలేదు. టెంటు చుట్టూ తిరిగాను. ప్రతి తాడూ వేలితో మీటాను. కొండ వైపు మూల దగ్గర మాత్రం చెయ్యి పెట్టడానికి భయం వేసింది. అన్నాలు తినేటప్పుడు కూడా విస్తరాకు పట్టుకుని నిలబడే తిన్నాను.

"కూర్చోండి మాస్టారూ" అన్నారు సుకన్య గారు. "మిమ్మల్ని చూసి టెంటుకు భయమేస్తోంది."

మధ్యాహ్నం దాటాక కొండ మీది నుంచి గాలి మొదలైంది. ముందు ఎండుటాకులు దొర్లాయి, తరవాత గుడ్డ ఉబ్బింది. తాళ్ళు బిగిశాయి. నేను కొండ వైపు మూలకు నడుస్తూ ఉండగానే ఆ మేకు చప్పుడు లేకుండా బయటికి వచ్చేసింది. తాడు గాల్లో కొట్టుకుంది. గుడ్డ మూల పైకి లేచింది, టెంటు అవతలికి ఒరిగింది. మిగిలిన మేకులు పట్టుకున్నాయి. ఒరిగిన టెంటు ఒరిగినట్టే నిలబడింది.

తడిమట్టి అంటిన మేకును అబిదా ఏరుకొచ్చింది.

"ఒక్కటి ఊడింది సార్" అంది, ఏడుపు గొంతుతో.

హనుమంతరావు గారు లేచి వచ్చారు. "ఎవరు కొట్టింది?"

అబిదా నా వైపు చూసింది, సుకన్య గారి వైపు చూసింది. "మీరే సార్."

ఒక పిల్ల నవ్వు ఆపుకోలేక ఓణీ నోటికి అడ్డం పెట్టుకుంది. హనుమంతరావు గారు ఎవరినీ చూడలేదు. పక్క మేకు దగ్గరికి వెళ్ళి తాడు పట్టుకుని లాగారు. తువ్వాలు తీసి చేతికి చుట్టుకుని మళ్ళీ లాగారు. దాని తరవాతది లాగారు. అన్నీ లాగి, మెడ దాకా ఎర్రబడి, చేలోనే కూర్చున్నారు.

"మాటంటే మాటే కదండీ" అన్నారు సుకన్య గారు, ముఖం మామూలుగా పెట్టి. "ఒక్కటి ఊడినా వరండానే అన్నారు."

"మీరూరుకోండి టీచరుగారూ. ఊడింది మేకు కాదు, నేను." ఆయన చెయ్యి చాపారు. "సుత్తి ఇట్టా ఇయ్యవే అబిదా. పొడిలో కొడతా."

మూరెడు పక్కకు జరిగి కొట్టారు. చాలాసేపు పట్టింది. మధ్యలో సుత్తి ఆపి, నా వైపు చూడకుండా అన్నారు: "హెప్సిబా టీచరు ఉంటే నన్నీ మూలకే రానిచ్చేది కాదు."

ఆగస్టు తరవాత నా ముందు ఆ పేరు ఎవరూ పలకలేదు. నన్ను చూడగానే అందరూ మాట మార్చేవారు.

"రానిచ్చేది కాదండీ" అన్నాను.

పొద్దు వాలేదాకా గాలి కొట్టింది. టెంటు నిలబడింది. హనుమంతరావు గారు బండి ఎక్కుతూ, "వచ్చే వారం తీసకపో. చలి మంటకి కట్టెలు మాత్రం ఈడ కొట్టొద్దు, ఇంటి నుంచి తెచ్చుకోండి" అన్నారు.

అసలు కష్టం మేకులు పీకడంలో వచ్చింది. ఇద్దరిద్దరు పట్టుకుని లాగినా రాలేదు. ఒకదాని కొక్కెంలో ఇంకొకటి అడ్డం దూర్చి తిప్పితే వస్తుందని అబిదా కనిపెట్టింది. ఊడినప్పుడల్లా ఇద్దరూ వెనక్కి పడి నవ్వారు. అబిదా మేకుకున్న మట్టి పావడాకు తుడుస్తూ నా దగ్గరికి వచ్చింది.

"మేడమ్ అయితే ఇవే కొనేవాళ్ళా సార్?"

అవునంటే ఆ పిల్ల సంతోషిస్తుంది. కానీ నాకు తెలియదు.

"తెలియదమ్మా."

"ఇవే కొనేవాళ్ళు సార్" అంది. "బరువని మేం గొణిగినా వినేవాళ్ళు కాదు."

తిరుగు ప్రయాణంలో ఆటోలో మేకుల సంచి నా కాళ్ళ దగ్గర పెట్టుకున్నాను. సమాధుల తోట రాగానే అలవాటుగా డ్రైవరు వేగం తగ్గించాడు. ఇంకా వెలుతురు ఉంది. సిలువ ఎడమవైపుకు ఒరిగి ఉంది, నిన్నటికంటే కొంచెం ఎక్కువ.

"దిగుతారా సార్?"

"వద్దు. పోనీ."

ఇంటికి వచ్చేసరికి వదిన వాకిట్లో కూర్చుని బియ్యం ఏరుతోంది.

"నిలబడిందా గుడారం?"

"నిలబడింది."

ఆమె నా చెప్పుల వైపు చూసింది. కందిచేను దుమ్ము తప్ప వాటికి తడిమట్టి లేదు.

"ఇయ్యాల ఆడ దిగలేదే?"

"ఇంకా ఏడాది తిరగలేదు కదా వదినా."

వదిన చేట పక్కన పెట్టింది. పైటకొంగుతో ముఖం తుడుచుకుని అంది: "అయితే నేను ఒక నాలుగు రోజులు ముప్పాళ్ళ పోయి రానా? కోడలు ఫోను మీద ఫోను చేస్తంది."

"వెళ్ళి రా వదినా."

"ఆ పెరట్లో మేకు మాత్రం పీకిపెట్టు. పొద్దున కాలికి తగిలి పడబోయా."

నేను పెరట్లోకి వెళ్ళి నిన్న కొట్టిన ఉక్కు మేకును పట్టుకుని లాగాను. ఇంకో మేకు కొక్కెంలో దూర్చి తిప్పాను. పిల్లలకు వచ్చింది నాకు రాలేదు.

"రావట్లేదు వదినా."

"రాకపోతే ఉండనీలే" అంది లోపలి నుంచి. "వచ్చేటప్పుడు కోడిపెట్టను తెస్తా. కట్టేసుకోవచ్చు."

నేను దాని పక్కనే నేల మీద కూర్చున్నాను. ఆమె అన్నానికి పిలిచేదాకా అక్కడే కూర్చున్నాను.