నిద్రపోతున్న గబ్బిలాలు

మా మేనేజరు లాయిడ్ ప్రూయిట్‌ది దిక్కుమాలిన బుద్ధి. మా ఇద్దరికీ ఒకటే వీడియో ఆట చెయ్యమని ఇచ్చి, ఎవరిది బాగా కుదిరితే వాళ్లకి ప్రోగ్రామర్ కుర్చీ, రెండోవాళ్లకి పరీక్షల గది అన్నాడు. అనేసి చేతులు దులుపుకుని పోయాడు. ఆ రోజునుంచి నేనూ గ్లెన్ తకెమోటో ఒకరినొకరం నమ్మితే ఒట్టు.

పరీక్షల గది అంటే ఏమిటో గ్లెన్‌కి తెలీదు, అతను కాలేజీనుంచి నేరుగా వచ్చి కుర్చీలో కూర్చున్నవాడు. నేను ఆ గదిలోంచే వచ్చాను. కిటికీ లేని ఆ గదిలో పొద్దస్తమానం ఒకే ఆట ఆడుతూ, ఎక్కడ తప్పు దొరుకుతుందా అని జాయ్‌స్టిక్ విరగదిప్పుతూ ఉండాలి. బొటనవేలు వాచిపోయి ఇంటికెళ్లాక ఫోర్కు పట్టుకోలేకపోయేదాన్ని. కోడ్ రాయడం నాకు నేనే నేర్చుకుని, లాయిడ్ చుట్టూ తిరిగి తిరిగి, వాడి కాఫీ కూడా మోసి ఈ ఒక్క అవకాశం సంపాదించాను. మళ్లీ ఆ గదిలోకి పోవడం నావల్ల కాదు.

ఆట పేరు గబ్బిలాల గని. అప్పుడు 1982 కదా, ఏ పిజ్జా కొట్టుకెళ్లినా, ఏ బౌలింగ్ హాలుకెళ్లినా నాణెం వేసి ఆడే ఆ ఆటపెట్టె ముందు జనం వంతుకోసం నిలబడేవాళ్లు. గని కప్పునుంచి గబ్బిలాలు వరసలు వరసలుగా దిగుతాయి, కింద దీపం పట్టుకున్న మనిషి వాటిని కొట్టాలి. ఇంట్లో టీవీకి తగిలించుకునే చిన్న డబ్బా మీద అదే ఆట ఆడుకునేలా మేం తయారుచెయ్యాలి. షికాగోలో దాని సొంతదారులు హక్కులైతే అమ్మారు గాని, కోడ్ మాత్రం ఒక్క ముక్క ఇవ్వలేదు. ఇచ్చినా మా డబ్బాలో పట్టదు, అది వేరే సంగతి. ఈ పనిలో ఎవరైనా చేసేది ఒకటే. పెట్టె ముందు నిలబడి ఆడాలి, కళ్లప్పగించి చూడాలి, గడియారం పెట్టి కొలవాలి, వచ్చి మన డబ్బాలో మళ్లీ కట్టుకోవాలి. ఆ పెట్టెని మా ఆఫీసులో కాఫీ గది పక్కన పెట్టారు. ఉన్నది ఒక్కటే, నేనూ గ్లెన్ వంతులేసుకుని ఆడేవాళ్లం.

గ్లెన్ బాత్రూముకి వెళ్లినా సొరుగుకి తాళం వేసుకునే వెళ్లేవాడు. నేను పక్కనుంచి నడిచివెళ్తే చాలు, తెర మీద ఉన్నదంతా చెరిపేసేవాడు. నేనేమన్నా తక్కువ తిన్నానా? నా తెరకి రెండువైపులా అట్టలు అంటించాను. నాకు మరి దాచుకోవలసింది ఉంది. మా డబ్బా ఒకేసారి రెండు బొమ్మలు మించి గీయలేదు, గబ్బిలాలేమో ఎనిమిది. అందరూ వాటిని వంతులవారీగా గీసేవాళ్లు, దాంతో గబ్బిలాలు పాడైపోయిన ట్యూబులైటులా మిణుకుమిణుకుమనేవి. టీవీ తెర పైనుంచి కిందికి గీత తర్వాత గీతగా నిండుతుంది కదా, పై వరస అయిపోగానే అవే రెండు బొమ్మల్ని కింది వరసకి లాక్కొచ్చి మళ్లీ వాడుకోవడం నేను కనిపెట్టాను. నా గబ్బిలాలు అదరకుండా, మిణుకుమనకుండా నిఖార్సుగా నిలబడేవి. ఆ కిటుకు కాపాడుకుంటే కుర్చీ నాదే అనుకున్నాను.

అందుకే గ్లెన్ మధ్యాహ్నాలు నాకు నిద్రపట్టనివ్వలేదు. అందరం పార్కింగు పక్కన కూర్చుని సాండ్‌విచ్‌లు తింటుంటే, ఇతను మాత్రం జేబులో చిల్లర గలగలలాడించుకుంటూ కారెక్కి మాయమైపోయేవాడు. ఎక్కడికయ్యా అంటే పళ్ల డాక్టరు దగ్గరికి అన్నాడు. మర్నాడూ అదే మాట. రోజూ పీకడానికి ఏ నోట్లోనైనా అన్ని పళ్లుంటాయా? ఆ రోజుల్లో మా సన్నీవేల్ ఊళ్లో సగంమంది, కంపెనీ కోడ్ ఉన్న డిస్కు జేబులో వేసుకుని రోడ్డు దాటి ఎదుటి కంపెనీలో కూర్చునే రకం. ఇతను నా కిటుకు ఎలాగో చూసేశాడని, దాన్ని ఎక్కడో బేరం పెడుతున్నాడని నాకు గట్టిగా అనిపించింది.

ఒకరోజు ఉండబట్టలేక నా పాత కారులో అతని వెనకే వెళ్లాను. గ్లెన్ ఎల్ కమీనో రోడ్డు మీది పిజ్జా కొట్టు ముందు ఆగాడు. బేరం ఎవరితోనో చూద్దామని నేనూ దూరాను. తీరా చూస్తే మూల నిలబడి గబ్బిలాల గని ఆడుతున్నాడు. ఆఫీసులో ఉచితంగా ఉన్న ఆటని ఇక్కడ డబ్బులు పోసి ఆడటం ఏమిటా అని వెనక నిలబడి చూశాను. ఆ పెట్టెలో గబ్బిలాలు దిగడం లేదు, మీద పడుతున్నాయి. మా ఆఫీసు పెట్టెలో అవి అలా వచ్చిన రోజే లేదు. నేను వారాల తరబడి కొలిచి, అచ్చు గుద్దినట్టు కట్టిన వేగం తప్పు.

గ్లెన్ నన్ను చూసి ఉలిక్కిపడ్డాడు. అతని దీపం మనిషి చచ్చిపోయాడు.

"ఏం, పన్ను పీకించుకుంటున్నావా?" అన్నాను.

"నువ్వెందుకొచ్చావ్? నేను కనిపెట్టానో లేదో చూసిపోదామనా?"

కనిపెట్టడమేమిటని నిలదీశాను. ఆఫీసు పెట్టె నెమ్మదిగా ఉందని అతనికి ఎప్పుడో తెలుసట. ఆ పెట్టె వెనక తలుపు తాళంచెవి పరీక్షల గది రోజులనుంచీ నా దగ్గరే ఉంది గనక, అతన్ని తప్పుదారి పట్టించడానికి నేనే లోపల ఏదో చేశాననుకున్నాడట. అందుకే దాన్ని వదిలేసి రోజూ ఇక్కడికొచ్చి కొలుచుకుంటున్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది. నేనా? నా ఆటని నేనే పాడుచేసుకుంటానా? తెలిసినవాడివి ఒక్క మాట చెప్పొచ్చు కదా అని అరిచినంత పని చేశాను. పిజ్జా తింటున్నవాళ్లు తలలు తిప్పి చూశారు.

"దొంగ దగ్గరికెళ్లి నీ దొంగతనం కనిపెట్టానని ఎవడైనా చెప్తాడా?" అన్నాడు గ్లెన్.

ఆఫీసుకొచ్చి ఇద్దరం కలిసి పెట్టె వెనక తలుపు తీశాం. కలిసి అంటే, నేను తాళం తిప్పుతుంటే అతను నా చేతులు చూస్తున్నాడు, అతను టార్చిలైటు వేస్తుంటే నేను అతని చేతులు చూస్తున్నాను. బోర్డు మీద గోరంత మీటలు కొన్ని ఉంటాయి, కొట్టువాళ్లు ఆటని తేలికగానో కష్టంగానో పెట్టుకోవడానికి. అవన్నీ పసిపిల్లలకి పెట్టే చోట ఉన్నాయి. నేను ఒట్టేశాను, అతను ఒట్టేశాడు, ఎవరి ఒట్టూ ఎవరం నమ్మలేదు. అప్పుడు ఇంకో తాళంచెవి లాయిడ్ దగ్గరుందని గుర్తొచ్చింది.

లాయిడ్ దాచలేదు కూడా. అతను ఒకప్పుడు పిల్లల ఆటబొమ్మలు అమ్మినవాడు. బొమ్మల కొట్లవాళ్లు ఆట చూడటానికి వస్తే నిమిషం కూడా బతకలేక మొహాలు మాడ్చుకుంటున్నారట, అందుకని తనే మీటలు మార్చాడట. తను కూడా ఇప్పుడు బాగా ఆడుతున్నానని చెప్పి నవ్వాడు. మేం కొలిచేదంతా ఆ పెట్టెనే అని చెబితే, ఆట అదేగా, గబ్బిలాలు అవేగా, ఇందులో నష్టమేముంది అన్నాడు. నాకు ఆ టేబుల్ ఎత్తి అతని మీద పడెయ్యాలనిపించింది. షికాగోనుంచి చూసేవాళ్లు వచ్చేది మర్నాడే.

వచ్చినావిడ పేరు వాండా స్లటరీ. నెరిసిన జుట్టు, మగవాళ్ల కోటు, మాటలో మొహమాటం లేదు. సొంతదారుల తరఫున ఆట సరిగ్గా వచ్చిందో లేదో తేల్చేది ఆవిడే. మొదట నాది ఆడింది, తర్వాత గ్లెన్‌ది ఆడింది, మళ్లీ నాది ఆడింది. మేం గోడకానుకుని నిలబడ్డాం.

"అబ్బాయ్, నీది మా ఆటే. కాని ఆ మిణుకు చూస్తే కళ్లు పోతాయి," అంది. తర్వాత నా వైపు తిరిగింది. "అమ్మాయ్, నీ గబ్బిలాలు ముచ్చటగా ఉన్నాయి. నిద్రపోతున్నాయి, అంతే."

ఎందుకలా అయిందని ఆవిడ అడుగుతుందేమోనని లాయిడ్ ముందే అందుకుని, ఈ అమ్మాయి కొత్త, పరీక్షల గదినుంచి వచ్చింది, అన్నాడు. మీటలు మార్చింది ఎవరో చెప్పెయ్యాలనిపించింది. అయినా నోరు మూసుకున్నాను, ఎందుకంటే కుర్చీ ఇవ్వాల్సింది అతనే. వాండా మాత్రం ఎవరి తప్పని తరచి అడగలేదు. ఈ అమ్మాయి గబ్బిలాలు ఆ అబ్బాయి వేగంతో ఒకే ఆటలో కావాలి, సోమవారం మళ్లీ వస్తాను, కుదరకపోతే హక్కులు వేరేవాళ్లకి, అని చెప్పి వెళ్లిపోయింది.

వేగం పెంచడమంటే ఒక అంకె మార్చడం కాదు. నా కిటుకు గీతకీ గీతకీ మధ్య ఉన్న కాస్త సమయాన్నీ తినేస్తుంది. గబ్బిలాల్ని పరిగెత్తించబోతే తెర చిరిగిపోయినట్టు అయ్యేది. ఏ గబ్బిలం ఎప్పుడు ఎక్కడుండాలనే లెక్కలన్నీ గ్లెన్ ఎక్కడో ముందుగానే చేసి పక్కన పెట్టుకుంటున్నాడు, ఎక్కడో నాకు అంతుచిక్కలేదు. అతనికేమో నా గబ్బిలాలు అంతుచిక్కవు.

మర్నాడు లాయిడ్ నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశాడు. గ్లెన్ భోజనానికి వెళ్లినప్పుడు అతని డిస్కు తీసి చూసుకో, సోమవారానికి ఆట నువ్వే ఇవ్వు, కుర్చీ నీది అన్నాడు. ఇది దొంగతనం కాదట, కోడ్ అంతా కంపెనీదేనట. సరేనని గాని కాదని గాని అనకుండా బయటికొచ్చాను.

గ్లెన్ తన చోట లేడు. సొరుగు అంగుళం తెరిచి ఉంది. పైనే డిస్కు, దాని మీద అతని చేతిరాత. చెయ్యి చాచితే అయిపోయేది. నాకు కావాలనే అనిపించింది, అబద్ధమెందుకు. కాని ఎన్నడూ తాళం వెయ్యకుండా కదలని మనిషి ఇవాళ సొరుగు తెరిచి పోవడమేమిటి? ఆ ప్రశ్న బుర్రలోకి రాగానే రెండోది వచ్చింది. లాయిడ్ ఈ మాట నా ఒక్కదానికే చెప్పి ఉంటాడా? నేను పరుగున నా చోటికి వెళ్లాను.

గ్లెన్ నా కుర్చీలోనే కూర్చుని ఉన్నాడు. తెర ఆర్పేసి ఉంది. చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

"తీశావా?" అన్నాను.

"నువ్వు తీశావా?"

"లేదు."

"నేనూ లేదు," అన్నాడు. లాయిడ్ తనకి పొద్దున్నే చెప్పాడట. "సొరుగు తెరిచిపెట్టి వచ్చాను. నువ్వు ముందు తీస్తే, నేనూ తీసుకోవచ్చు కదా అని. ఇందాకట్నుంచి నువ్వు దొంగవవుతావేమోనని కాచుకుని కూర్చున్నాను, రోజ్."

చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది. కాని అతని సొరుగు ముందు నిలబడి నేను కోరుకున్నదీ దాదాపు అదే. అతను అక్కడ నా కోడ్ తీస్తూ ఉంటే, ఇక్కడ అతనిది తియ్యడం నాకు తేలికయ్యేది. కుర్చీ ఈడ్చుకొచ్చి పక్కన వేసి, జరుగు అన్నాను. తెర వెలిగించి నా కోడ్ అతనికి మొదట్నుంచి చూపించాను.  అంతా అయ్యాక అతను లేచి వెళ్తుంటే, అయిపోయింది, పోయింది నా బతుకు అనుకున్నాను. డిస్కు తెచ్చి నా ముందు పెట్టాడు.

తెర అడుగు గీత అయ్యాక మళ్లీ పైకి వెళ్లేలోపు ఉండే ఖాళీలో అతను లెక్కలు చేసుకుంటున్నాడని చూడగానే నాకు నవ్వొచ్చింది. అంత తేలిక. సాయంత్రానికి మా గబ్బిలాలు ఒక్కసారి కూడా మిణుకుమనకుండా, పిజ్జా కొట్టులో పడ్డట్టే మీద పడ్డాయి.

లాయిడ్ గదికి ఇద్దరం వెళ్లాం. నువ్వు పద అంటే నువ్వు పద అనుకున్నాం, ఎందుకంటే వెనక ఉన్నవాళ్లు రాకుండా జారుకుంటారని ఇద్దరికీ భయం. చివరికి ఇద్దరం ఒకేసారి దూరితే భుజాలు తలుపులో ఇరుక్కున్నాయి. ఇద్దరికీ కుర్చీలుంటేనే సోమవారం ఆట ఉంటుందని నేను చెప్పేశాను, గ్లెన్ నోరు తెరవకముందే. లాయిడ్ నావైపు చూడనుకూడా చూడలేదు.

"గ్లెన్, ఆట నీ డిస్కులో కూడా ఉందా?" అన్నాడు.

ఉంది. అంతా ఉంది. నేనే ఎక్కించి ఇచ్చాను. అప్పుడు నేను గ్లెన్ మొహం చూడలేకపోయాను, కార్పెట్ చూస్తూ నిలబడ్డాను. పరీక్షల గది తలుపు చప్పుడు నా చెవులకి వినిపించింది. గ్లెన్ చాలాసేపు మాట్లాడలేదు, అంతసేపు మాట్లాడకుండా ఉన్నందుకు అతన్ని ఇప్పటికీ క్షమించలేదు.

"లేదండి," అన్నాడు గ్లెన్. "నా దగ్గర ఉన్నవి మిణుకుమనే గబ్బిలాలే."

లాయిడ్ కాసేపు మమ్మల్నిద్దర్నీ మార్చి మార్చి చూశాడు. తర్వాత ఫోనెత్తి, పరీక్షల గదికి కొత్త మనిషిని వెతకమన్నాడు.