పక్కకు కట్టిన ముడి

ప్రదర్శన హాల్లోకి వచ్చిన రాధాబాయి గోడల మీది మిగతా బొమ్మల వైపు చూడలేదు. మడతపెట్టిన పేపరు ముక్కతో నేరుగా కిటికీ పక్క గోడ దగ్గరికి వెళ్లి ఆగింది. పేపర్లో పడ్డ బొమ్మ అక్కడుంది. సొట్టపడ్డ స్టీలు టిఫిన్ డబ్బా. మూత ఊడకుండా చుట్టి కట్టిన పసుపుపచ్చ చీర పేలిక. పక్కన పగిలిన సీసా, సైకిల్ బెల్లు.

"గీ డబ్బా ఏడ దొరికింది టీచరమ్మా?"

కోటగిరి కాలువలో, వంతెన కింద అని చెప్పింది ఎస్తర్. నిజామాబాద్‌లో డ్రాయింగ్ టీచరు ఆమె. ఎండాకాలం కాలువకు నీళ్లు ఆపగానే అడుగున దొరికినవి ఏరుకొచ్చి బొమ్మలు వేస్తుంది. కడగదు, ముడి విప్పదు. దొరికింది దొరికినట్టే.

రాధాబాయి తన సంగతి చెప్పింది. పోయిన చలికాలం భర్త రామ్‌దాస్ టిఫిన్ డబ్బా పట్టుకుని చెరుకు కొట్టడానికి పోయి తిరిగి రాలేదు. ఆ రోజు అతను చేనుకే రాలేదని ముఠా మేస్త్రీ బాపురావు పోలీసులకు చెప్పాడు. కేసు అక్కడే ఆగింది. నల్లా కాడ ఆడవాళ్లు మాత్రం ఆగలేదు. నాందేడ్‌ల నీ మొగుని కొత్త కాపురం ఎట్లున్నదే అని అడుగుతూనే ఉన్నారు. ఈ మధ్య ఆమెకే అనుమానం మొదలైంది.

ఆమె వేలు బొమ్మకు తగలకుండా ముడి దగ్గర ఆగింది.

"పేలిక నాదే. ముడి నాది కాదు. నేను మూత మీద కడత. తిన్నంక ఆయన గిట్ల పక్కకు కడ్తడు."

డబ్బా ఎస్తర్ ఇంట్లో అలమరలో ఉంది. ఇద్దరూ ఆటోలో అక్కడికి వెళ్లారు.

మట్టితో బిగిసిన ముడిని రాధాబాయి గోళ్లతో విప్పింది. మూత కిర్రుమంది. లోపల ఆమె పెట్టిన రొట్టె లేదు. చెక్కు తీసి వేలెడేసి కోసిన చెరుకు ముక్కలు, నల్లబడి ఎండిపోయి ఉన్నాయి.

ఆమె ఒక ముక్కను వేలితో తాకింది.

"డబ్బా ఉత్తగ ఇంటికి తేవద్దంటుండె. చెరుకు కొట్టినన్ని దినాలు నాకు గిట్లనే తెచ్చేటోడు." కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "నన్నిడిసి పోలే. ఇంటికే వస్తుండె."

అంటే రామ్‌దాస్ ఆ రోజు చేన్లో ఉన్నాడు. రొట్టె తిన్నాడు, ఇంటికి బయల్దేరాడు. బాపురావు చెప్పింది అబద్ధం.

రాధాబాయి మూత పెట్టి పేలిక చుట్టింది. ముడి మూత మీదికి రాబోయింది. ఆమె చెయ్యి ఆగి, పక్కకు జరిగింది.

అది చూశాకే ఎస్తర్‌కు తట్టింది. అతను కట్టిన ముడి ఇక లేదు. తామే విప్పేశారు. ఉన్నది ఉన్నట్టు ఇప్పుడు బొమ్మలోనే మిగిలింది.

"ఠాణాకు నువ్వు వస్తవా?" రాధాబాయి అడిగింది.

"వస్త. ముందు బొమ్మ తెచ్చుకుందాం."

హాలు మూసే వేళకు చేరుకున్నారు. ఎస్తర్ స్టూలెక్కి బొమ్మ దించింది. రాధాబాయి కింద నిలబడి, డబ్బాను చంకలో పెట్టుకుని, రెండు చేతులా బొమ్మను అందుకుంది.