కొండకు పంపిన గాలి

పొద్దున్నే వలి బాషా మైకు సెట్ల అంగడి తెరిచి, వాకిట నీళ్లు చల్లి, ఊదుబత్తి వెలిగించేవాడు. అలిపిరికి పోయే దారిలో ఉండేదా అంగడి. దానికి ఎదురుగా సుబ్బులమ్మ పూలు కట్టి అమ్మేది. ఊరంతా ఆకు కదలక ఉక్కపోస్తున్నా ఆమె కొంగు మాత్రం ఎగురుతూనే ఉండేది. ఆమె ఎక్కడుంటే అక్కడ గాలి. పుట్టినప్పటి నుంచీ అంతే. నూర్పిళ్ల కాలంలో గాలి పడిపోతే చుట్టుపక్కల రైతులు బండి కట్టుకొచ్చి ఆమెను తీసుకుపోయేవారు. కళ్లంలో నిలబెట్టి, వడ్లు తూర్పారపట్టుకుని, భోజనం పెట్టి పంపేవారు.

ఆ గాలే ఒకసారి ఆమె అన్న దొరస్వామి బెల్లం గానుగ మీదికి నిప్పు తెచ్చింది. పొయ్యిలో రవ్వ లేచి చెరకు పిప్పి మీద పడింది. పాకా, కొట్టమూ, వండిన బెల్లమూ బూడిదయ్యాయి. అప్పటి నుంచి అతను చెల్లెలితో మాట మానేశాడు. ఆమె అన్న ఉండే పల్లె పొలిమేర తొక్కలేదు.

బాషా రెండేళ్లుగా ఒకే పని మీద ఉన్నాడు. కరెంటు లేనిచోట లారీ బ్యాటరీ మీద నడిచే మైకు సెట్టును తన చేత్తో తయారు చేయాలని. మొదట్లో సెట్టు గొంతు చీలి గరగరమనేది. ఎందుకట్లా అని సుబ్బులమ్మ అడిగితే, రేకు మూతల్లాంటి రెండు పెద్ద ట్రాన్సిస్టర్లను చూపించాడు.

"ఇవి కాడెద్దులక్కా. ఎంత బలమున్నా తోలేవాడు గట్టిగా ఉంటేనే బండి కదిలేది. వీటిని తోలే చిన్న ట్రాన్సిస్టరు సాలడం లేదు."

తోలేదాన్ని మార్చాక గొంతు గంటలా మోగింది. అప్పుడు వేడి మొదలైంది. వేడెక్కేకొద్దీ ఆ ట్రాన్సిస్టర్లు ఇంకా కరెంటు తాగేవి. తాగేకొద్దీ ఇంకా వేడెక్కేవి. పాత అల్యూమినియం గిన్నెలు కోసి, దువ్వెన పళ్లలా నిలబెట్టి, వాటికి బిగించాడు. అయినా కాసేపటికే మాడువాసన వచ్చేది. ఒకరోజు వాన పడుతుంటే సుబ్బులమ్మ పూలబుట్టతో అంగడిలోకి వచ్చి కూర్చుంది. వాన వెలిసేదాకా సెట్టు ఆగకుండా నడిచింది. బాషా రేకుల మీద చెయ్యి పెట్టి చూశాడు. నీళ్ల కడవలా చల్లగా ఉన్నాయి. సెట్టు పక్కన ఆమెకు చాప పరిచాడు. ఆనాటి నుంచి ఆమె అక్కడే పూలు కట్టేది.

డెబ్బై తొమ్మిదో సంవత్సరం కార్తీకంలో తుఫాను పట్టింది. కరెంటు స్తంభాలు ఒరిగిపోయాయి. తప్పిపోయిన ఆవును వెతుక్కుంటూ కొండెక్కిన దొరస్వామి తిరిగి రాలేదు. కొండ మీదికి మంచు దిగి, వెతకబోయిన వాళ్లకు తమ చేతులే తమకు కనబడలేదు. మరునాడు ఉదయం దొరస్వామి భార్య వరదమ్మ బాషా దగ్గరికి పరిగెత్తుకొచ్చింది. చాప మీదున్న ఆడబిడ్డ వైపు చూడకుండానే, మైకులో పిలిస్తే వినబడుతుందేమో అని అడిగింది. సుబ్బులమ్మ లేచి బ్యాటరీకి ఒక చెయ్యి పట్టింది.

కొండ అడుగున చెట్టుకు మైకు హారన్లు కట్టారు. వరదమ్మ గొంతు పోయేదాకా పిలిచి, చివరికి మైకు ఆడబిడ్డ చేతికిచ్చింది.

"అన్నా," అంది సుబ్బులమ్మ.

ఎక్కడో పైన సన్నగా కేక వినిపించింది. మనిషి బతికే ఉన్నాడు. కానీ ఆమె పిలుపు కొండచరియలకు తగిలి నాలుగు దిక్కుల నుంచీ మోగుతోంది. ఎటు రావాలో అతనికి తెలియడం లేదు. పిలిచేకొద్దీ అతని కేక లోయ వైపు జరుగుతోంది.

సుబ్బులమ్మ బాషా వైపు తిరిగింది. "గాలిని పంపిస్తే దారి సూపిస్తాది. అది పోతే నీ సెట్టు..."

బాషా ఆ రేకుల మీద చెయ్యి వేశాడు. తీశాడు. "కాలితే కాలనీ అక్కా. పంపు."

ఆమె మైకులో, పసిబిడ్డతో మాట్లాడినంత మెల్లగా చెప్పింది. "పో తల్లీ. మాయన్నను తోలుకొని రా."

ఎగురుతున్న కొంగు జారి భుజం మీద పడింది. పక్కనున్న గడ్డి వంగింది, ఆపైన పొదలు, ఆపైన చెట్ల కొమ్మలు. పాపట తీసినట్టు మంచు కింది నుంచి పై దాకా రెండుగా విడిపోయింది. నడుమ తడిసిన కొండరాళ్లు మెరుస్తూ బయటపడ్డాయి. కింద నిలబడ్డ వాళ్లలో ఒకాయన చెప్పులు విడిచాడు. వెనక సెట్టులో చిటపటమంది, పొగ లేచింది, హారన్లు మూగబోయాయి. బాషా వెనక్కి తిరగలేదు.

ఆ పాపట వెంబడి దొరస్వామి కుంటుకుంటూ దిగివచ్చాడు. వీపు మీద ఎవరో చెయ్యి పెట్టి తోసినట్టుండిందని, ఆగబోతే ఆగనియ్యలేదని భార్యకు చెప్పాడు. అతని వెనక మంచు మళ్లీ మూసుకుంది. గాలి మాత్రం దిగిరాలేదు.

ఎండ వచ్చింది. సుబ్బులమ్మ నుదుటి మీద ఏదో తడి జారింది. వేలితో తుడిచి, ఆ వేలిని వింతగా చూసుకుంది. చెమట. దొరస్వామి ఆమె ముందు నిలబడి, కదలకుండా వేలాడుతున్న ఆ కొంగును చాలాసేపు చూశాడు. తర్వాత ఆమె పక్కన నేల మీద కూలబడ్డాడు.

"ఉక్కగా ఉండాది గదా, సుబ్బులూ," అని భుజం మీది తుండుగుడ్డ తీసి, ఆమెకు విసరసాగాడు.