కాళ్ల మీద నీళ్లు పోసిన వీడియో

ఫోను నిండిపోయిందని కోసిగిలో సెల్ షాపు నాగరాజ్ దగ్గరికి పోవడమే తిమ్మయ్య చేసిన తప్పు.

"ఫొటోలు, వీడియోలన్నీ కంపెనీ వాళ్ల క్లౌడ్‌లోకి పంపి, ఫోన్లో తీసేద్దాం పెద్దాయనా. పాస్‌వర్డ్ తాళం నీది. నువ్వు తప్ప నరమానవుడు చూడడు" అన్నాడు నాగరాజ్.

తిమ్మయ్య నమ్మాడు.

నాలుగో రోజు ఆ కంపెనీ అతని ఖాతా మూసేసింది. అందులో పసిపిల్ల అశ్లీల చిత్రం ఉందట. యంత్రం పట్టుకుందట. చనిపోయిన భార్య రామసుబ్బమ్మ ఫొటోలు పదకొండేళ్లవి లోపలే ఉండిపోయాయి.

యంత్రం పట్టుకున్నది ఒక వీడియోను. ఐదేళ్ల కిందటిది. రామసుబ్బమ్మ కాళ్లు చాపుకుని కూర్చుని, మూడు నెలల మనవరాలు హర్షిణిని కాళ్ల మీద వేసుకుని నీళ్లు పోస్తుంటుంది. "చూసింది చాలు గానీ, ఆ చెంబు ఇట్లియ్యి" అని మొగుణ్ణి కసురుతుంది. ఆమె గొంతు మిగిలింది ఆ ఒక్కదాంట్లోనే.

కంపెనీ ఇచ్చిన ఫిర్యాదుతో పది రోజులకు కర్నూలు పోలీసులు పిలిపించారు. ఎస్సై అక్రమ్ వీడియో చూసి నవ్వేశాడు.

"మాయమ్మ గూడా నాకు ఇట్లనే పోసింది. నీ మింద కేసు లేదు పో."

"నా తాళం వాళ్లెట్ల తెరిసినారు సార్?"

"పోయిన నెల ఆ కంపెనీ ఇట్ల చూడబట్టే ఒకణ్ణి పట్టుకున్యాం. ఇద్దరు ఆడబిడ్డలు వాని చేతిలోంచి బయటపడినారు. తప్పంటావా?"

"వాణ్ణి పట్టుకోండి. మంచిదే. ఎవురూ చూడరని నాకు చెప్పిండేది అబద్ధం గదా?"

అతని తప్పేమీ లేదని అక్రమ్ కాగితం రాసిచ్చాడు. తిమ్మయ్య దాన్ని కంపెనీకి పంపించాడు. నిర్ణయం మారదని రెండు ముక్కల జవాబు వచ్చింది.

అప్పట్లో ఆ వీడియోను కూతురికి పంపిన సంగతి గుర్తొచ్చి, ఆమె ఉండే కల్లూరుకు బయలుదేరాడు. కూతురు నాగజ్యోతి కంచం పెట్టి అన్నం వడ్డించింది.

"మీయమ్మ నీళ్లుపోసే వీడియో ఉండాది గదా, నా ఫోనుకు ఎయ్యి."

ఆమె గరిటె ఆగింది. "తీసేసినా నాయనా. పోలీసోళ్లు ఫోన్ చేసి నీ గురించి అడిగినారు. శానా భయమైంది."

"ఎవరంటే? పోలీసోళ్లా, నేనా?"

ఆమె గరిటె గిన్నెలో పెట్టేసింది.

"టీవీలో రోజూ సూస్తాండాం గదా నాయనా, అట్లాంటోళ్లను... ఒక్కరోజే అనుకున్యా. తర్వాత ఒట్టు, అనుకోలా."

"హర్షిణి యాడ?"

"ట్యూషన్‌కు పోయింది."

మూసిన గది తలుపు వెనక పాప పకపకా నవ్వింది. నాగజ్యోతి మొహం తెల్లబోయింది.

తిమ్మయ్య కంచం ముందు నుంచి లేచాడు.

"తిని పో నాయనా!"

"తలుపు తీసి నీ బిడ్డకు పెట్టుకో."

అతను కోసిగి చేరేలోపు ఆమె నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. ఇక ఎత్తడు.