మాస్కు తీసి చేసిన ప్రార్థన

రోజలిన్‌కి మూడో కీమో ఎక్కించి తొమ్మిది రోజులైంది. ఆ తొమ్మిది రోజులూ ఆమె భర్త ఎలియాజరు ఇంటికి తాళమూ తానే, కాపలా కుక్కా తానే అయ్యాడు. విశాఖపట్నం డాక్టరమ్మ చెప్పి పంపింది మరి: "ఈ రోజుల్లో ఆమె ఒంట్లో తెల్లకణాలు బాగా పడిపోతాయి. మీకు జలుబైతే ఆమెకి ప్రాణం మీదకొస్తుంది. జ్వరం వంద పాయింట్ నాలుగుకొస్తే బిళ్ల వేసి కూర్చోకండి, వెంటనే తీసుకొచ్చేయండి." ఆ మాట విన్నప్పటి నుంచీ ఎలియాజరుకి కంటి మీద కునుకు లేదు.

ఇంట్లో పచ్చి కాయగూర ముక్క లేదు, నిన్నటి అన్నం లేదు. గురువారం తమ ఇంట్లో జరిగే ప్రార్థన కూటాన్ని వేరే వాళ్లింటికి మార్పించాడు. చర్చిలో సంఘపెద్ద అయ్యుండి ఇదేం పని అని నలుగురూ నొచ్చుకున్నారు. నొచ్చుకోనీ అనుకున్నాడు. ఆఖరికి ఆదివారం నాడు పూడిమడక నుంచి కూతుర్ని చూడ్డానికొచ్చిన అత్తగారు అప్పలనర్సమ్మ గేటు దగ్గర ఒక్కసారి దగ్గితే, గడియ తియ్యలేదు.

"ఇది రోగం దగ్గు కాదు బాబూ, అడ్డపొగ దగ్గు. నలబై ఏళ్ల నుంచి నిప్పు నోట్లో ఎట్టుకుని సుట్ట కాలుత్తన్నాను, నీకు తెల్దేటి?" అందావిడ.

"తెలుసత్తా. అయినా వొద్దు. ఏది ఏ దగ్గో ఎవుడు సెప్పగలడు?"

ఆవిడ ఎండలో కాసేపు నిలబడి, కిటికీలోంచి చెయ్యూపిన కూతుర్ని చూసి, కళ్లొత్తుకుంటూ ఆటో ఎక్కింది. ఎలియాజరుకి బాధగానే ఉంది. భయం అంతకన్నా పెద్దది.

సోమవారం లేవగానే అతని గొంతులో గరగర. తను బస్సు డిపోలో మెకానిక్కు, గొంతులో డీజిల్ పొగ పట్టదా ఏం అని సర్దిచెప్పుకున్నాడు. అత్తగారి పొగని నమ్మని మనిషి తన పొగని ఎంత తేలిగ్గా నమ్మేశాడో చూడండి! ఉప్పునీళ్లు పుక్కిలించి, మోచేతుల దాకా సబ్బుతో కడుక్కుని, మాస్కు కట్టుకుని భార్య గదిలోకి వెళ్లాడు.

జుట్టంతా రాలిపోయిన ఆమె తల మీద చెయ్యుంచి ప్రార్థన చెయ్యడం రోజూ ఉన్నదే. ఇంట్లో క్షణం మాస్కు తియ్యనివాడు ఆ ఐదు నిమిషాలూ దాన్ని గడ్డం కిందకి లాగేస్తాడు. దేవుడితో మాట్లాడేటప్పుడు మూతికి గుడ్డేమిటి, అది మర్యాదేనా అని అతని పట్టు. ఊరందరినీ దూరం పెట్టిన మనిషికి తన ఊపిరి కూడా ఊపిరేనని తట్టలేదు. ఊరందరికీ శకునం చెప్పిన బల్లి తాను పోయి కుడితిలో పడిందట. సోమ, మంగళ, బుధ, మూడు పొద్దులూ ఆమె ముఖం మీదకి వంగి, కన్నీళ్లతో గట్టిగా ప్రార్థించాడు. బుధవారం మధ్యలో రెండుసార్లు దగ్గాడు కూడా; డీజిల్ పొగేనని ఆమెకీ సర్దిచెప్పాడు.

ఆ మధ్యాహ్నం అతనికి ఒళ్లు నొప్పులు మొదలయ్యాయి. జ్వరం చూసుకుంటే నూట ఒకటి. ఎలియాజరు పెరటి మెట్టు మీద కూలబడిపోయాడు. డీజిల్ పొగకి జ్వరం రాదు.

నాలుగింటికి లోపల్నుంచి రోజలిన్ పిలిచింది. "ఏవండీ, సలేత్తంది. ఇంకో దుప్పటి ఇయ్యండి."

అతను గుమ్మం దాటలేదు. "ముందు జొరం సూసుకో" అన్నాడు.

"వంద పాయింట్ ఎనిమిది."

చొక్కా జేబులో జ్వరం బిళ్లలున్నాయి. ఒకటి వేస్తే తగ్గుతుందేమో, ఎవరికీ ఏమీ చెప్పక్కర్లేదేమో అని ఒక్క క్షణం చెయ్యి అటు పోయింది. డాక్టరమ్మ మాట గుర్తొచ్చి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. కారు పిలిపించి, రెండు మాస్కులు కట్టుకుని ముందు సీట్లో కూర్చున్నాడు. అద్దాలన్నీ దింపించాడు. విశాఖ దారిలో సబ్బవరం దాటినా తన జ్వరం సంగతి ఆమెకి చెప్పలేదు. వెనక ఆమె పళ్లు టకటకలాడుతున్న చప్పుడు వినిపిస్తూనే ఉంది.

ఆసుపత్రిలో డాక్టరమ్మ అడిగింది. "ఇంట్లో ఎవరికైనా జలుబూ దగ్గూ ఉన్నాయా?"

"ఎవరికీ లేవండి. మాయన మా అమ్మని కూడా గేటు దాటనియ్యలేదు" అంది రోజలిన్, కాస్త గొప్పగానే.

అంతటితో ఊరుకోవచ్చు. గౌరవం నిలబడుతుంది. ఎలియాజరు గుమ్మం దగ్గరే నిలబడి చెప్పేశాడు.

"నాకుందండి. సోమవారం నుంచి. మూడ్రోజులూ మాస్కు తీసేసి, దీని మొకం మీదే ప్రార్థన సేసేనండి."

"ఇది రాగానే చెప్పాలి కదండీ!" డాక్టరమ్మ నర్సుని కేకేసింది. "రక్తం తీసి యాంటీబయాటిక్ వెంటనే మొదలుపెట్టు. ఇద్దరి ముక్కుల్లోంచీ నమూనాలు తియ్యి. మీరు బయటికి వెళ్లండి."

రోజలిన్ అతన్నే చూస్తోంది. ఆ చూపులో కోపం ఉంటే బాగుండుననిపించింది అతనికి. ఉన్నదంతా భయమే.

"ఏవండీ, నేను బతుకుతానా?" అని అడిగింది. జబ్బు తెలిసిన ఈ ఐదు నెలల్లో ఆమె ఆ మాట ఎన్నడూ అడగలేదు.

దగ్గరికెళ్లి చెయ్యి పట్టుకోవాల్సిన మాట అది. ఎలియాజరు ఇంకో అడుగు వెనక్కి వేశాడు.